గీత దాకా నీళ్ళు

తామ్వేలో ఒక వంటగది. బయట వాన. గట్టు మీద కాచి చల్లార్చిన నీళ్ళ గిన్నె, పక్కన అరచేతిలో ఇమిడే సీసా. సీసా అడుగున పల్చగా పరుచుకున్న తెల్లటి పొడి. పెద్దావిడ సీసాను రెండు మూడుసార్లు అరచేతికేసి తట్టింది. గడ్డకట్టిన పొడి విడిపోయింది. సగం దాకా నీళ్ళు పోసి, మూత బిగించి, బాగా ఆడించింది. నురగ తగ్గేదాకా ఆగింది. మళ్ళీ కాసిని నీళ్ళు పోసింది. అప్పుడు నడుం వంచి, లేబులు మీదున్న సన్నటి గీతకు సరిగ్గా తన కంటిని తెచ్చుకుంది.

"గీతకీ కంటికీ సమంగా ఉండాలే అమ్మా. పైనుంచి చూస్తే ఒకలాగ, కిందనుంచి చూస్తే ఒకలాగ కనబడతాది" అంది మనవరాలితో.

మునిమనవరాలికి మూడు రోజులుగా జ్వరం. డాక్టరు మూత్ర పరీక్ష చేయించి, ఇన్ఫెక్షన్ అని తేలాక చీటీ మీద రాసిన మందు అది. పేరు సెఫిక్సిమ్. సెఫలోస్పోరిన్ కుటుంబానికి చెందిన యాంటీబయాటిక్.

ఆ వంటగదిలో నిలబడి చూస్తుంటే నాకొక సంగతి తట్టింది. కుర్చీ అయినా, గొలుసు అయినా, చీర అయినా పనివాడి చేతిలోంచి బయటికొచ్చేసరికి పూర్తయి ఉంటుంది. ఈ సీసాను మాత్రం ఫ్యాక్టరీవాళ్ళు కావాలనే సగంలో ఆపి పంపారు. ఆఖరి పని మన ఇంటికి వదిలిపెట్టారు. ఆ చివరి పని ఎంత విలువైనదో తెలియాలంటే దాని ముందు జరిగిన పనంతా ఒకసారి చూడాలి.

*

తామ్వే యాంగోన్‌లో తూర్పు వైపు పేట. నగరాన్ని చుట్టి వచ్చే లోకల్ రైలు అక్కడ ఆగుతుంది. పాత గుర్రప్పందేల మైదానం చైక్కసాన్ ఆ పేటలోనే ఉంది. మన తాతలకు ఈ ఊరు రంగం. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి, ఇక్కడి రేవులో కూలీలుగా, బియ్యం మిల్లుల్లో పనివాళ్ళుగా చేరిన తెలుగువాళ్ళను కోరంగీలు అనేవారు. 1930 నాటి రేవు అల్లర్లనూ, 1942లో జపాను బాంబులకు వెరచి కొండలూ అడవులూ దాటిన నడకనూ తట్టుకుని కొన్ని కుటుంబాలు ఈ నేల మీదే నిలిచాయి.

ఆ రోజుల్లో బర్మా టేకు మన వైపు వచ్చేది. గోదావరి జిల్లాల పాత మండువా ఇళ్ళ తలుపుల్లో, ద్వారబంధాల్లో ఇప్పటికీ అది చెక్కుచెదరకుండా ఉంది. ఇప్పుడు సరుకు ఎదురు దిక్కున నడుస్తోంది. మయన్మార్ మందుల షాపుల్లో దొరికే మందుల్లో చాలా భాగం భారతదేశంలో తయారైనవే. మందు పెట్టె మీద హైదరాబాద్ చిరునామా కనబడటం ఇక్కడ వింతేమీ కాదు. మన తాతలు తలుపు చెక్కలో పనితనం చూసి మురిసిపోయారు. ఈ చిన్న సీసాలో ఉన్న పనితనం అంతకు తీసిపోదు.

*

పొడిగా ఎందుకు పంపారు? నేరుగా నీళ్ళు కలిపిన సిరప్పే ఇవ్వొచ్చు కదా?

జవాబు ఆ అణువు కట్టుబడిలో ఉంది. సెఫలోస్పోరిన్‌కు గుండెకాయ లాంటిది నాలుగు మూలల చిన్న వలయం. మూడు కార్బన్లు, ఒక నైట్రోజన్. దీన్ని బీటా లాక్టమ్ రింగు అంటారు. అయిదు మూలలవీ ఆరు మూలలవీ అయిన వలయాలు సాధారణంగా హాయిగా కుదురుకుంటాయి. నాలుగు మూలలది అలా కాదు, ఎక్కుపెట్టిన విల్లులా ఎప్పుడూ బిగిసే ఉంటుంది. ఎవరైనా తాకితే చాలు, తెరుచుకుందామని చూస్తుంటుంది.

ఆ బిగువే దాని ఆయుధం. బాక్టీరియా తన ఒంటి చుట్టూ వల లాంటి గోడ అల్లుకుంటుంది. వల అల్లే జాలరి పోగుకీ పోగుకీ ముడి వేసినట్టే, బాక్టీరియాలో కొన్ని ఎంజైములు ఆ గోడ పోగులకు ముడులు వేస్తుంటాయి. సెఫలోస్పోరిన్ అచ్చం ఆ పోగు కొసలా కనబడుతుంది. ఎంజైము మోసపోయి దాన్ని పట్టుకుంటుంది. పట్టుకోగానే బిగిసి ఉన్న వలయం తెరుచుకుని ఎంజైముకు అతుక్కుపోతుంది. ఆ చేయి ఇక ముడి వేయలేదు. ముడులు లేని గోడ లోపలి ఒత్తిడిని ఆపలేదు. బాక్టీరియా పగిలిపోతుంది. మన ఒంట్లోని కణాలకు అలాంటి గోడ లేదు కనుక, మనలో ఉన్న కణాలను వదిలి శత్రువు గోడనే వెతుక్కునే ఒడుపు ఈ మందుకు వచ్చింది.

అయితే బిగిసిన వలయాన్ని నీళ్ళు కూడా తెరవగలవు, నెమ్మదిగా. నీళ్ళలో కలిసిన క్షణం నుంచి మందు కొద్దికొద్దిగా చచ్చిపోతుంటుంది. అందుకే పొడిగా ఉంచుతారు. అందుకే కలిపాక గడువు పెడతారు. సెఫిక్సిమ్‌కు మామూలుగా 14 రోజులు. కొన్ని రకాలకు 7 రోజులే. ఫ్రిజ్‌లో పెట్టాలా, బయట ఉంచవచ్చా అన్నది ఏ మందుకా మందుకు లేబులు మీదే రాసి ఉంటుంది. నాలుగైదు నెలలు ఎడతెగకుండా వానలు పడే యాంగోన్‌లో, కరెంటు వచ్చిపోతూ ఉండే ఇళ్ళలో, ఈ రెండు వాక్యాలు చదవడం చిన్న విషయం కాదు. మూత వదులైతే గాలిలోని తేమకే పొడి పాడవడం మొదలవుతుంది.

*

సెఫలోస్పోరిన్ మొదట దొరికిన చోటు మురుగు కాలువ.

ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో కాల్యరి అనే రేవు పట్నం ఉంది. 1945లో అక్కడి విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జుసెప్పె బ్రోట్సు ఊరి మురుగు సముద్రంలో కలిసే చోట నీళ్ళు తీసి పరీక్షించాడు. అక్కడి నీరు తనంత తానే శుభ్రపడుతున్నట్టు ఆయనకు తోచింది. ఏదో సూక్ష్మజీవి మిగతా క్రిములను అణచిపెడుతూ ఉండాలని అనుకున్నాడు. అనుకున్నట్టే ఒక బూజు దొరికింది. దాని పేరు సెఫలోస్పోరియం అక్రిమోనియం. ఆ బూజు రసం టైఫాయిడ్ క్రిమిని కూడా అడ్డుకుంది. యుద్ధంలో చితికిన దీవి అది. పెద్ద ప్రయోగశాల లేదు, డబ్బు లేదు. ఉన్న సరంజామాతోనే రసాన్ని తీసి రోగుల మీద పని చేస్తుందని చూశాడు. 1948లో ఆ ఫలితాలు అచ్చు వేయించి, బూజును ఆక్స్‌ఫర్డ్‌కు పంపాడు.

బ్రోట్సు 1895లో పుట్టాడు. మన యల్లాప్రగడ సుబ్బారావు గారూ 1895లోనే భీమవరంలో పుట్టారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన పరిశోధనలోంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ లోకానికి తెలిసింది కూడా 1948లోనే. అది మట్టిలో దొరికిన మందు, ఇది మురుగులో దొరికిన మందు. కాళ్ళ కింద ఉన్నదాన్ని పట్టించుకునే చూపు ఆ ఇద్దరిదీ.

ఆక్స్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ అబ్రహాం, గై న్యూటన్ ఆ బూజు రసాన్ని ఏళ్ళ తరబడి వడపోశారు. అందులో ఒకటి కాదు, మూడు రకాల పదార్థాలున్నాయి. మొదటి రెండింటి వెంట పడి పని చేస్తుండగా 1953లో అతి స్వల్పంగా మూడోది తగిలింది. దానికి సెఫలోస్పోరిన్ సి అని పేరు పెట్టారు. క్రిములను చంపడంలో అది బలహీనమే. కానీ పెన్సిలిన్‌ను విరగ్గొట్టడానికి బాక్టీరియా తయారుచేసుకున్న ఎంజైముకు అది లొంగలేదు. పెన్సిలిన్‌లో నాలుగు మూలల వలయానికి అయిదు మూలలది తోడుగా ఉంటే, దీనిలో ఆరు మూలలది తోడుగా ఉంది. శాస్త్రవేత్త డొరొతి హాడ్జ్‌కిన్ ఎక్స్ రే పద్ధతిలో ఆ కట్టుబడిని అణువణువుగా చూపించింది. ఆ వివరాలు 1961లో అచ్చయ్యాయి. పేటెంటు మీద వచ్చిన రాబడిలో తన వంతును అబ్రహాం పరిశోధనల కోసం ట్రస్టుల్లో పెట్టాడు. దొరికింది కొంచెమే, బలం తక్కువే అని ఆ మూడో పదార్థాన్ని పారేయకపోవడమే ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా గొప్ప పనితనంగా తోస్తుంది.

*

అసలైన చెక్కుడు పని ఆ తరవాత మొదలైంది. సెఫలోస్పోరిన్ చట్రానికి రెండు చోట్ల కొక్కేలు తగిలించే వీలుంది. ఒక కొక్కెం మార్చితే మందు ఏ క్రిములను చంపుతుందో, ఏ ఎంజైములను తట్టుకుంటుందో మారుతుంది. రెండోది మార్చితే అది ఒంట్లో ఎంతసేపు నిలుస్తుందో, ఎలా బయటికి పోతుందో మారుతుంది. కొయ్యబొమ్మ మొండెం ఒకటే ఉంచి చేతులూ కిరీటమూ మార్చినట్టు, ప్రపంచమంతటా రసాయన శాస్త్రజ్ఞులు ఈ రెండు చోట్లా వేల మార్పులు చేసి చూశారు.

సెఫలెక్సిన్ నోటి ద్వారా తీసుకోవచ్చు. ఒంట్లో దాని సగం వెళ్ళిపోవడానికి గంట పడుతుంది. అందుకే రోజులో మూడు నాలుగుసార్లు వేసుకోమంటారు. సెఫ్‌ట్రయాక్సోన్‌కు ఇంచుమించు ఎనిమిది గంటలు పడుతుంది. అందుకే ఎక్కువ జబ్బులకు రోజుకు ఒక సూది చాలు. డాక్టరు రాసే గంటల లెక్క వెనక ఇంత చెక్కుడు పని ఉంది. ఈ కుటుంబపు మందులు ఒక్క దెబ్బతో చంపేవి కావు. రక్తంలో తగినంత మోతాదు ఎంతసేపు నిలిచి ఉంటే అంత బాగా పనిచేస్తాయి. ఎనిమిది గంటలకొకటి అంటే గుర్తున్నప్పుడు మూడు వేసుకోమని అర్థం కాదు. మధ్యలో ఖాళీ పెరిగితే క్రిములు మళ్ళీ గోడ అల్లుకుంటాయి.

మూడో తరం మందుల్లో ఆ మొదటి కొక్కేనికి కంచె లాంటి గుంపు ఒకటి తగిలించారు. ఎంజైము దగ్గరకు రాకుండా అది అడ్డు పడుతుంది. సెఫ్‌ట్రయాక్సోన్, సెఫిక్సిమ్ అలాంటివే. బాక్టీరియా ఊరుకోలేదు. ఆ కంచెను దాటే ఎంజైములను తయారుచేసుకుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్‌లను మూడు గుంపులుగా విడదీసింది. మామూలుగా వాడదగినవి, కనిపెట్టుకుని వాడవలసినవి, చివరి ఆసరాగా దాచుకోవలసినవి. సెఫలెక్సిన్ మొదటి గుంపులో ఉంది. సెఫిక్సిమ్, సెఫ్‌ట్రయాక్సోన్ రెండో గుంపులో ఉన్నాయి. "పోయినసారి దీనికే తగ్గింది, అదే ఇవ్వండి" అని షాపులో అడిగేటప్పుడు మనం ఏ గుంపులో చేయి పెడుతున్నామో తెలుసుకోవాలి.

*

ఇక పెట్టె పనితనం. సెఫలోస్పోరిన్ తయారయ్యే చోటు వేరుగా ఉండాలన్నది మందుల తయారీలో ఖచ్చితమైన నియమం. ఆ దుమ్ము రవ్వంత వేరే మందులో పడినా, అది పడనివాళ్ళకు ప్రాణాపాయం. అందుకని భవనాలు, గాలి పోకడ, పనివాళ్ళ బట్టలు కూడా వేరు. సూది మందు సీసా రబ్బరు బిరడాకు అల్యూమినియం తొడుగు, దాని మీద గోటితో ఎత్తితే ఊడే ప్లాస్టిక్ మూత. ఒకసారి ఊడితే మళ్ళీ అతకదు. ఎవరూ ముందు తెరవలేదని నర్సుకు అదే సాక్ష్యం.

మన దేశంలో అమ్మే స్ట్రిప్పు అంచున నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. చీటీ లేకుండా ఈ మందు కొనకండని 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ఆ గీతను గుర్తుగా పెట్టుకుని ప్రచారం చేసింది. చదువురానివాళ్ళు కూడా గుర్తుపట్టగలిగే గీత అది. అంతకు ముందే, 2014 మార్చి 1 నుంచి సెఫిక్సిమ్, సెఫ్‌ట్రయాక్సోన్ లాంటి మందులను హెచ్ 1 అనే జాబితాలో చేర్చారు. వాటిని అమ్మినప్పుడు రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారన్నది షాపువాళ్ళు పుస్తకంలో ఎక్కించి 3 ఏళ్ళు దాచాలి. మయన్మార్‌కు కూడా 1992 నుంచి జాతీయ ఔషధ చట్టం ఉంది. రిజిస్టరు కాని మందు అమ్మకూడదు. అయినా ఇక్కడా అక్కడా చీటీ లేకుండా, స్ట్రిప్పు కత్తిరించి నాలుగు బిళ్ళలు చేతిలో పెట్టే షాపులున్నాయి. కత్తిరించిన ముక్కలో పేరు పోతుంది, తేదీ పోతుంది, ఎర్ర గీతా పోతుంది. ఇంతమంది చేసిన పని ఒక్క కత్తెరతో పోతుంది.

*

మళ్ళీ వంటగదికి వద్దాం. 30 మిల్లీలీటర్ల సీసా. 5 మిల్లీలీటర్లలో 100 మిల్లీగ్రాముల మందు ఉండాలి. అంటే సీసా మొత్తంలో 600. నీళ్ళు 20 దగ్గరే ఆపితే ఆ 5 మిల్లీలీటర్లలో 150 చేరుతుంది. గీత దాటి 40 దాకా పోస్తే 75కు పడిపోతుంది. డాక్టరు పాప బరువు చూసి, కిలోకింత అని లెక్కగట్టి రాసిన మోతాదు ఆ గీత మీదే ఆధారపడి ఉంది. నురగ తగ్గేదాకా పెద్దావిడ ఎందుకు ఆగిందో ఇప్పుడు అర్థమవుతుంది. నురగను నీళ్ళనుకుంటే గీత అబద్ధం చెబుతుంది.

ప్రతిసారీ వేసే ముందు సీసాను ఆడించాలి. మందు నీళ్ళలో పూర్తిగా కరగదు, ఊరికే ఉంచితే అడుక్కి దిగుతుంది. కదపకపోతే మొదటి రోజుల్లో పాపకు నీళ్ళూ, చివరి రోజుల్లో మందూ వెళ్తుంది. ఇంటి చెంచాలు ఏ రెండూ ఒక్క కొలతలో ఉండవు కనుక పెట్టెలో వచ్చిన కొలత మూతతోనో సిరంజితోనో కొలవాలి. ఒక డోసు మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేయాలి. తరవాతి డోసు వేళ దగ్గరపడితే దాన్ని వదిలేయాలి కానీ రెండూ కలిపి వేయకూడదు. జ్వరం తగ్గిందని రెండో రోజే మనంతట మనం మానకూడదు. మిగిలింది కదా అని పొడిగించనూ కూడదు. ఎన్ని రోజులన్నది జబ్బును బట్టి డాక్టరు నిర్ణయం.

డాక్టరు అడక్కపోయినా మనం చెప్పవలసినవి ఉన్నాయి. ఇంతకుముందు పెన్సిలిన్ గానీ, అమాక్సిసిలిన్ గానీ వేసుకుంటే దద్దుర్లు వచ్చాయా, ముఖం వాచిందా, ఊపిరి ఆడలేదా అన్నది మొదటిది. పెన్సిలిన్ పడనివాళ్ళలో పదిమందిలో ఒకరికి ఇవీ పడవని ఒకప్పుడు చెప్పేవారు. అసలు సంఖ్య అంతకన్నా చాలా తక్కువని ఇప్పుడు తెలిసింది. పోలిక వలయంలో కన్నా, దానికి తగిలించిన మొదటి కొక్కెంలో ఉందని కూడా తేలింది. అందుకే ఏ మందు పడలేదో పేరుతో సహా చెబితే, సరిపోయే మందును డాక్టరు ఎంచగలుగుతారు. కిడ్నీ జబ్బు ఉంటే తప్పక చెప్పాలి. ఈ మందుల్లో చాలావరకు మూత్రం ద్వారానే బయటికి పోతాయి. కిడ్నీ మందగిస్తే ఒంట్లో పేరుకుని మూర్ఛ దాకా తీసుకెళ్ళగలవు. రక్తం పల్చబడే మందులు వాడుతున్నా, గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా ఆ మాట ముందే చెప్పాలి.

కొంచెం విరేచనాలు కావడం మామూలే. మందు మన పేగుల్లోని మంచి క్రిములనూ వదలదు. కానీ నీళ్ళ విరేచనాలు ఆగకపోయినా, నెత్తురు కనిపించినా, మందు ఆపిన కొన్ని వారాల తరవాత మొదలైనా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాయడం, ఆయాసం కనిపిస్తే మరో డోసు వేయకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. సూది మందు వేసే చోట ఇంకో జాగ్రత్త ఉంది. సెఫ్‌ట్రయాక్సోన్, కాల్షియం కలిస్తే గడ్డలా పేరుకుంటాయి. 28 రోజులు నిండని పసిబిడ్డకు కాల్షియం ఉన్న సెలైన్ ఎక్కుతుంటే ఈ సూది వేయనే కూడదు. సూదులు ఇంట్లోనో తెలిసినవాళ్ళతోనో కాక ఆసుపత్రిలోనే ఎందుకు వేయించుకోవాలో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

జలుబు, మామూలు దగ్గు, ఫ్లూ, వానాకాలంలో తామ్వేలోనూ విజయవాడలోనూ పీడించే డెంగ్యూ, ఇవన్నీ వైరస్‌లు తెచ్చేవి. వైరస్‌కు గోడ లేదు. ముడి వేసే చేయి లేదు. ఎంత ఖరీదైన సెఫలోస్పోరిన్ వేసినా పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. నష్టం మాత్రం మిగులుతుంది. మన ఒంట్లో ఊరికే ఉన్న క్రిములు ఆ మందును తట్టుకోవడం నేర్చుకుంటాయి.

ఆ నేర్పు ఎక్కడిదాకా పోతుందో 2016లో లోకం చూసింది. పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రంలో మన హైదరాబాద్ పేరే ఉన్న మరో ఊరు ఉంది. అక్కడ సెఫ్‌ట్రయాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ పుట్టి వ్యాపించింది. బ్రోట్సు బూజు మొదట ఏ జబ్బు మీద ఆశ పెట్టించిందో అదే జబ్బు. 2019 ఒక్క ఏడాదిలోనే, మందులకు లొంగని బాక్టీరియా నేరుగా 12.7 లక్షల మంది ప్రాణాలు తీసిందని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది.

*

డాక్టరు చెప్పిన రోజులు పూర్తయ్యేసరికి సీసా అడుగున ఇంకా కొంచెం మిగులుతుంది. అదే పెద్దావిడను అడిగాను, మిగిలింది ఏం చేస్తారని. సింకులో పోయకూడదట, దాచకూడదట, పక్కింటి పిల్లకు ఇవ్వకూడదట. వాడేసిన టీపొడిలో కలిపి, కవరులో మూట కట్టి చెత్తలో వేస్తానంది. ఎవరు చెప్పారని అడిగితే, మందులు ఇచ్చిన అమ్మాయి చెప్పిందంది.

ఈ మందు మురుగు కాలువలో దొరికింది. మనం అజాగ్రత్తగా పారబోస్తే మళ్ళీ మురుగులోకే చేరి, అక్కడి క్రిములకు తప్పించుకునే విద్య నేర్పుతుంది. మధ్యలో ఉన్నదంతా మనుషుల పనితనం. కాల్యరిలో నీళ్ళు తీసిన చేయి, ఆక్స్‌ఫర్డ్‌లో మూడో పదార్థాన్ని పారేయని చేయి, ఎక్కడో ఫ్యాక్టరీలో పొడి నింపిన చేయి, చీటీ రాసిన చేయి, షాపులో జాగ్రత్త చెప్పిన చేయి. ఆ వరుసలో చివరగా సీసా ఎత్తి పట్టుకున్న ఈ ముడతల చేయి.

ఆవిడ సీసా మీద పెన్నుతో ఆ రోజు తేదీ రాసింది. మూత బిగించింది. మనవరాలికి ఇచ్చి, "ఆడించి పొయ్యి" అంది.